బోయా లెక్కలు చేస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తీరంలో లంగరు వేసిన బోయా (నీటి మీద తేలుతూ కొలతలు తీసే పరికరం) నుంచి నెల రోజుల పాటు గంటగంటకూ తీసిన 720 కొలతల్లో నీటి ఉష్ణోగ్రతకూ ఆక్సిజన్‌కూ సహసంబంధం, అంటే రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, 0.2 వచ్చిందనీ, అది యాదృచ్ఛికమా కాదా అని చూసే పరీక్షలో నెగ్గిందనీ రాశావు. ఆ ఫలితాన్ని అప్పుడే నమ్మవద్దు.

సముద్రం గంటకో కొత్త మాట చెప్పదమ్మా. పదింటికి ఉన్న నీరు పదకొండింటికీ దాదాపు అలాగే ఉంటుంది. ఉష్ణోగ్రత, ఆక్సిజన్ వరుసలు రెండింటిలోనూ ఒక గంట కొలతకూ మరుసటి గంట కొలతకూ సహసంబంధం 0.95 ఉందనుకో. ఆ రెండింటినీ గుణిస్తే 0.9025. దాన్ని ఒకటిలోంచి తీసివేసి, ఒకటికి కలిపిన మొత్తంతో భాగించి, 720తో గుణించు. వచ్చేది సుమారు 37. నీ దగ్గరున్న స్వతంత్రమైన కొలతలు అన్నే. 720 అనుకుంటే 0.07 దాటితే చాలు, అయిదు శాతం పరీక్ష (సంబంధం లేకపోయినా యాదృచ్ఛికంగా అలా వచ్చే అవకాశం అయిదు శాతం లోపే ఉండాలనేది) నెగ్గుతుంది. 37కైతే 0.33 దాకా రావాలి.

అసలు ఆ 0.2 ఏ కాలానికి చెందినదో కూడా చూడాలి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది కాబట్టి రుతువుల మార్పులో ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. కానీ ఎండకాసే పగలు నీరు వేడెక్కుతుంది, అదే ఎండకు సూక్ష్మ మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. అప్పుడు రెండూ కలిసి పెరుగుతాయి. ఈ రెండు కథలను ఒకే అంకెలో కలిపేస్తే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. రోజువారీ మార్పును, దీర్ఘకాలపు మార్పును విడదీసి, ఒక్కోదానికి వేరుగా లెక్క కట్టు. ఆక్సిజన్‌ను సంతృప్త శాతంగా, అంటే ఆ ఉష్ణోగ్రతలో నీరు పట్టుకోగలిగినదానిలో ఎంత శాతం ఉందో లెక్కగా, మార్చి చూస్తే కరిగే గుణం ప్రభావం చాలావరకు పక్కకు తప్పుకుంటుంది. సుమారు 12 గంటల 25 నిమిషాల ఆటుపోట్లను మరచిపోకు. అవి ఉప్పదనాన్నీ ఉష్ణోగ్రతనూ ఒకేసారి ఊపుతాయి, ఆ రెండింటి మధ్య నేరుగా ఏ సంబంధమూ లేకపోయినా.

గాలితో పోల్చేటప్పుడు ఒకే గంటను పట్టుకుని కూర్చోవద్దు. తీరం వెంట వీచే గాలికి అడుగు నీరు పైకి రావడానికి వ్యవధి పడుతుంది. ఒక వరుసను గంట గంట చొప్పున జరుపుతూ చూడు. అయితే అలా వంద జరుపులు చేస్తే ఏదో ఒకటి యాదృచ్ఛికంగానే బాగుంటుంది, అది మనసులో ఉంచుకో.

ఒకసారి నా కొలతల్లో వారాల తరబడి ఉప్పదనం తగ్గుతూ వచ్చింది. నది నీరు చేరుతోందని నమ్మి, వర్షంతో ముడిపెట్టి నివేదిక కూడా రాశాను. తర్వాత బోయాను శుభ్రం చేసిన రోజున, ఒక్క గంటలోనే గీత నిట్టనిలువుగా పైకి లేచింది. సెన్సర్ గొట్టం లోపల నాచూ గుల్లలూ పేరుకున్నాయి. ఆ మెట్టు కనిపించేదాకా నేను ఒక్క గీతనూ కళ్ళారా చూడలేదు, సహసంబంధపు అంకెలనే చూశాను.

అందుకే నీ రెండు గీతలనూ ఒకే కాగితం మీద గీసి, బోయాను శుభ్రం చేసిన తేదీలను వాటి మీద గుర్తు పెట్టి పంపు. సమయం స్థానికమో, అంతర్జాతీయమో కూడా రాయి. మిగతాది ఆ కాగితం చూశాక మాట్లాడుకుందాం.