కార్బన్లకు వారంటీ ఉండదు, అయినా బిల్లు దాచుకో

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. కొని ఐదు నెలలు కూడా కాని నీ కోత గ్రైండర్ (డిస్కుతో కోసే చేతి మిషన్) పని మధ్యలో ఆగిపోయింది. వారంటీ ఉంది కదా అని సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్తే, మోటారు లోపల అరిగే కార్బన్ ముక్కలకు అది వర్తించదని తిప్పి పంపారు. కోపం రావడం సహజమే. కానీ నాన్నా, ఈ ఒక్క మాటలో వాళ్ల తప్పు లేదు.

మోటారులో తిరిగే, తీగ చుట్టిన భాగమే ఆర్మేచర్. దాని చివర రాగి పలకలు పేర్చిన కమ్యుటేటర్ ఉంటుంది. రెండు వైపుల నుంచి కార్బన్ ముక్కలు స్ప్రింగు బలంతో దాన్ని తాకుతూ ఉంటేనే ఆర్మేచర్‌కు కరెంటు అందుతుంది. నాలుగంగుళాల గ్రైండర్ డిస్కే నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. గేర్లకు వెనకున్న ఆర్మేచర్ ఇంకా వేగం. అంత రాపిడిలో రాగి అరగకుండా కార్బన్ అరగాలనే అలా చేశారు. బండికి బ్రేకు లైనర్లు ఎలాగో దీనికి ఇవి అలాగ. అందుకే కంపెనీలు వీటిని వారంటీలో కలపవు.

పైగా నీది బహుశా పెద్ద జబ్బు కాదు. కొన్ని కంపెనీ కార్బన్లలో లోపల చిన్న పిన్ను ఉంటుంది. కార్బన్ అరిగాక అది బయటికొచ్చి కమ్యుటేటర్‌కు కరెంటు అందకుండా చేసి మిషన్ను ఆపేస్తుంది. ఆ పిన్ను లేనివే ప్రమాదం. తట్టితే తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది, నిప్పురవ్వలు ఎక్కువవుతాయి, కాలిన వాసన వస్తుంది. అప్పటికీ వాడితే స్ప్రింగు వెళ్లి రాగిని గీకేస్తుంది. నా షాపుకు ఒక మార్బుల్ మేస్త్రీ కట్టర్ అలాగే వచ్చింది. వంద రూపాయల చుట్టుపక్కల పోయేది, ఆర్మేచర్ మార్చేదాకా వెళ్లింది. వారంటీ ఇంకా రెండు నెలలున్నా, అరిగిన కార్బన్లతో నడపడం వల్లే పోయిందని సర్వీసు సెంటర్ ఒప్పుకోలేదు. కార్బన్‌కు లేని వారంటీ ఆర్మేచర్‌కు ఉంటుంది. అది నీకు దక్కాలంటే కార్బన్లు సరిగా చూసుకుని ఉండాలి.

మార్చడం కష్టమేమీ కాదు. ముందు ప్లగ్గు పీకెయ్. స్విచ్ ఆపితే చాలనుకోకు, ఇది మాత్రం నా మాట విను. బాడీకి రెండు వైపులా గుండ్రటి మూతలుంటే మైనస్ స్క్రూడ్రైవర్‌తో విప్పి తీయొచ్చు. ఆ మూతలు పెట్టిందే వాడేవాడు విప్పుకోవడానికి. మూతలు బయటికి కనబడకపోతే వెనక కవరు విప్పాల్సిన రకం. వారంటీలో ఉండగా దాన్ని నువ్వు విప్పొద్దు. సర్వీసు సెంటర్లోనే డబ్బులిచ్చి మార్పించుకో, "బయట విప్పారు" అనే మాటకు చోటివ్వకు.

కార్బన్ మీద గీత ఉంటే అక్కడిదాకా అరిగినప్పుడు, లేకపోతే 5, 6 మిల్లీమీటర్లు మిగిలినప్పుడే మార్చెయ్. ఒకటి బాగానే కనిపించినా రెండూ మార్చాలి. షాపువాడు "ఇదీ పడుతుంది" అని ఇచ్చింది తీసుకోకు, మోడల్ నంబరు చెప్పి కంపెనీదే అడుగు. సైజు ఎక్కువైందని అరగదీసి దూర్చేవాళ్లను చూశాను, అవి హోల్డర్లో బిగుసుకుపోతాయి. కార్బన్ వేలితో నొక్కితే స్ప్రింగుతో సాఫీగా లోపలికెళ్లి రావాలి. బిగించాక ఏమీ కోయకుండా ఖాళీగా ఐదు పది నిమిషాలు తిప్పు, అప్పుడు కార్బన్ మూతి కమ్యుటేటర్ వంపుకు సర్దుకుంటుంది. చిన్న రవ్వలుంటే ఫర్వాలేదు. నిప్పు కమ్యుటేటర్ చుట్టూ వలయంలా తిరిగితే వెంటనే ఆపు. అది ఆర్మేచర్ జబ్బు కావచ్చు, అప్పుడు వారంటీ అడగాలి.

కార్బన్లు కొన్న బిల్లు, పాత ముక్కలు, మిషన్ బిల్లు ఒకే కవర్లో పెట్టు. రేపు మోటారే పోయి, కారణం చెప్పకుండా కాదంటే, ఎందుకు కాదో రాసివ్వమని అడుగు. దీంతో సంపాదిస్తున్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కావంటారేమో, బెదరకు. స్వయం ఉపాధితో బతకడానికే కొని సొంతంగా వాడుకునేవాడిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుడనే అంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలన్నా కారణం పుట్టిన రెండేళ్లలోపు వెళ్లాలి, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు.

ఇంకొకటి. సిమెంటు దుమ్ములో పనిచేసిన రోజు సాయంత్రం మిషన్ గాలి రంధ్రాలు బ్లోయర్‌తో ఊదు. ఆ దుమ్మే కార్బన్‌ను తొందరగా తినేది. ఐదు నెలలకే అరిగాయంటే నాకు అనుమానం దాని మీదే.

మిషన్ మీదున్న ప్లేటు ఫొటో తీసి పంపు, మోడల్ చూసి ఏ కార్బన్ కావాలో చెప్తాను. అక్కయ్యను అడిగానని చెప్పు.

మీ మామయ్య