మాస్టారూ... ఒక డౌటు!

ఈ నెల ఉత్తరాలన్నీ పక్కన పెట్టి ఒక్కదానికే జవాబు రాస్తున్నాను. విశాఖపట్నంలో ఎం.ఏ. తెలుగు చదువుతున్న అమ్మాయి రాసింది. హాస్టల్లో పక్క గది ఇంజనీరింగ్ పిల్లలు "మీ తెలుగంటే కంప్యూటర్‌కి తలనొప్పి" అంటున్నారట. అక్కడ మొదలైన డౌట్లన్నీ రెండు పేజీల్లో పంపింది. నలభై ఏళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేను.

మాస్టారూ, మా అమ్మ దగ్గర బటన్ల ఫోనే ఉంది. తెలుగులో ఎస్సెమ్మెస్ పెడితే నాలుగు ముక్కలకే రెండు మూడు మెసేజీలు అయిపోతున్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఒక్కదాంట్లో సరిపోతోంది. తెలుగు నిజంగానే అంత బరువా?

కాదమ్మా. ఎస్సెమ్మెస్‌కి ఇచ్చిన చోటు మొత్తం 140 బైట్లు, అంటే 1120 బిట్లు (బిట్ అంటే 0 గానీ 1 గానీ, అవి ఎనిమిది కలిస్తే ఒక బైట్). యూరప్‌లో ఈ పద్ధతిని రూపొందించే రోజుల్లో, 1985లో, ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజనీరు టైప్‌రైటర్ మీద మామూలు వాక్యాలు కొట్టి, అక్షరాలు లెక్కపెట్టి, మనిషి చెప్పదలచుకున్నదానికి 160 చాలని తేల్చాడు. ఆయన కొట్టిన వాక్యాలు తెలుగు వాక్యాలు కావు కదా! అక్షరానికి 7 బిట్ల చొప్పున 1120లో 160 పడతాయి. ఆ 7 బిట్ల పట్టికలో ఇంగ్లిష్ అక్షరాలున్నాయి, కొన్ని గ్రీకు అక్షరాలు కూడా ఉన్నాయి. తెలుగు లేదు. పట్టికలో లేని అక్షరం ఒక్కటి వచ్చినా మెసేజ్ మొత్తం 16 బిట్ల లెక్కలోకి మారిపోతుంది. అప్పుడు పట్టేవి 70. అది దాటితే ముక్కలవుతుంది, ముక్కల్ని అతికించే సమాచారానికి కొంత చోటు పోయి ఒక్కో ముక్కలో 67 మిగులుతాయి.

పైగా మనం లెక్కపెట్టే తీరు వేరు, మిషన్ లెక్కపెట్టే తీరు వేరు. 'విశ్వవిద్యాలయం' అని రాసి చూడు. మన కంటికి ఆరు అక్షరాలు. ఫోన్ లోపల మాత్రం వ, గుడి, శ, పొల్లు, వ... ఇలా విడివిడిగా 14 ఉంటాయి. ఆ మాట ఐదుసార్లు రాస్తే మెసేజ్ నిండిపోయినట్టే.

మీ పక్క గదివాళ్లకి ఇది కూడా చెప్పు. తర్వాత్తర్వాత అదే ఎస్సెమ్మెస్ ప్రమాణంలో తెలుగుతో సహా పలు భారతీయ భాషలకి 7 బిట్ల పట్టికలు చేర్చారు. అంటే చోటు ఇవ్వాలనుకుంటే ఇవ్వచ్చన్నమాట. ఫోన్లు వాటిని పెద్దగా వాడలేదు, అంతే. నువ్వు మాత్రం అమ్మకి తెలుగులోనే రాయి. మూడు మెసేజీలైతే అవనీ.

ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొట్టిందని వాళ్లంటున్నారు. నిజమేనా?

నిజమే. 2018 ఫిబ్రవరిలో జరిగింది. ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్, అప్పటి దాని 11.2.5 వెర్షన్ ఉన్న ఫోన్లో 'జ్ఞా' తెరమీదికి రాగానే ఆ యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే గందరగోళంలో పడేది. ఆకతాయిలు తెలిసినవాళ్లందరికీ పంపి ఏడిపించారు. అదే నెలలో వచ్చిన 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

అయితే చాలామంది వదిలేసిన సంగతి ఒకటుంది. మనం రోజూ రాసే 'జ్ఞానం'తో ఏ ఫోనూ పడిపోలేదు. ఆ పంపకాల్లో తిరిగిన 'జ్ఞా'లో 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు దూరి ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్‌జాయినర్. వెడల్పు లేని గుర్తు, పక్క అక్షరాలు కలవకుండా ఆపుతుంది. మనకి దానితో రోజూ పనే. 'రాజ్‌కుమార్' అని విడిగా కనపడాలంటే అది ఉండాలి, లేకపోతే 'రాజ్కుమార్' అని క ఒత్తు పడిపోతుంది. కానీ దీర్ఘానికి ముందు దానికి పనే లేదు. అలాంటి అనవసరమైన వరస వచ్చినప్పుడు ఏం చేయాలో ఆపిల్ ప్రోగ్రాముకి తెలియలేదు. బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఇలాంటి వరసలతోనే అదే యాప్‌లు పడిపోయాయి. తప్పు ప్రోగ్రాముది, పేరు మాత్రం తెలుగుకి వచ్చింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

లైబ్రరీలో తెలుగు కవిత్వం ఎప్పుడూ చివరి ర్యాకుల్లోనే ఎందుకుంటుంది? 894 అని నంబర్ కూడా!

అది మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ లైబ్రేరియన్ పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చిన పద్ధతి, 1876 నాటిది. సాహిత్యానికి 800లు ఇచ్చి, 810 అమెరికాకి, 820 ఇంగ్లిష్‌కి, ఆ తర్వాత జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, స్పానిష్, లాటిన్, గ్రీకులకి పంచేశాడు. మిగతా ప్రపంచమంతా 890లో. అందులో తెలుగు సాహిత్యం 894.827. అమెరికాలో కాలేజీ లైబ్రరీ కోసం వేసిన లెక్క మన బీరువాల్లో అలాగే ఉండిపోయింది. ఈ ఇబ్బంది గమనించినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. లెక్కల మాస్టారు ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు, 1933లో పుస్తకాల్ని వర్గాలుగా అమర్చే తన సొంత పద్ధతి, కోలన్ వర్గీకరణ తెచ్చారు. మీ లైబ్రేరియన్ గారిని అడిగి ఆయన రాసినవి ఏమున్నాయో చూడు. నీ చదువుకి పనికొస్తాయి.

మా డిపార్ట్‌మెంట్ పాత సెమినార్ పేపర్ల సీడీ దొరికింది. ఫైళ్లు తెరిస్తే అంతా పిచ్చి అక్షరాలు. పోయినట్టేనా?

పోలేదు. కంగారుపడకు. ప్రపంచ భాషల అక్షరాలకి ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చే ప్రమాణం యూనికోడ్. తెలుగు 1991లోనే అందులో చేరినా, డీటీపీ సెంటర్లు చాలా ఏళ్లపాటు పాత ఫాంట్లతోనే పనిచేశాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు బొమ్మల్లా కూర్చోబెట్టేవారు. ఒత్తు ఒకచోట, తలకట్టు ఇంకోచోట. ఫాంట్ ఉన్నంతసేపు తెలుగులా కనపడుతుంది, తీసేస్తే లోపలి గుర్తులు బయటపడతాయి. ముందు సీడీ మొత్తం కాపీ చేసి రెండుచోట్ల దాచు. అసలు ఫైళ్ల జోలికి వెళ్లకు. తర్వాత ఏ ఫాంటో తెలుసుకో. పేరు చాలాసార్లు ఫైల్లోనే దొరుకుతుంది, లేదంటే అప్పట్లో టైప్ చేసినవాళ్లని అడగాలి. ఆ ఫాంట్ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒక్కో పేజీ చదివి సరిచూడాల్సిందే, ఎందుకంటే ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు పడతాయి. ఒక్కదానివే చేయకు, క్లాసులో నలుగుర్ని కలుపుకో. పక్క గది ఇంజనీరింగ్ పిల్లల్ని కూడా పిలువు. కన్వర్టర్ వదిలేసిన ఒత్తుల్ని పట్టే చిన్న ప్రోగ్రాము రాయమను.