బావిలోకి ఇంజను దించొద్దు

అమ్మడూ,

కదిరి అవతల గుట్టల కింద మూడెకరాలు కొన్నారని, నువ్వూ అల్లుడూ ఉద్యోగాలు మానేసి అక్కడే కాపురం పెడతారని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. నాకైతే ముందు మీసం మెలేయాలనిపించింది. పొలంలో పాత బావి ఉందని, పూడిక తీస్తే చాలన్నావని తెలిశాక గుండె దడ పట్టుకుంది.

రాగులు, కందులు, అలసందలు, గట్టున మునగ, రెండు మేకలు. ఇవి నీకు చెప్పక్కర్లేదు. విత్తనం కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టు. రాత్రి టార్చి లేకుండా గడప దాటకు. పాము కరిస్తే మంత్రాలూ గాట్లూ వద్దు, నేరుగా ఆసుపత్రికే. ఎవరి బండిలో పోవాలో ఇప్పుడే మాట్లాడిపెట్టుకో.

తాగే నీళ్లకు ముందు ఇంటికప్పును నమ్ముకో. ఆ సీమలో ఏడాదికి 550 మి.మీ. అటూ ఇటూగా వాన. 50 చదరపు మీటర్ల కప్పు మీద పడిన దాంట్లో అయిదో వంతు పోయినా 22,000 లీటర్లు మిగులుతాయి. తాగడానికి, వంటకు మీ ఇద్దరికి రోజుకు 20 లీటర్లనుకుంటే ఏడాదికి 7,300. పదివేల లీటర్ల తొట్టి కట్టించు. తొలివాన మురికి పక్కకు పోయేలా గొట్టం పెట్టు, దోమ దూరని మూత వెయ్యి. అంటే బావికి తొందరేం లేదు, వింటున్నావా?

పూడిక తీయాలంటే ముందు ఊటనీరు తోడాలి. ఒడ్డున పెట్టిన ఇంజను ఏడు మీటర్ల లోతు నుంచి పీల్చడమే గొప్ప. లెక్కకు పది మీటర్లన్నా అతుకులు, పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు, పైపు ఒరిపిడి కొంత తినేస్తాయి. నీ బావి నలభై అడుగులు, అంటే 12 మీటర్లు. అప్పుడు ఎవడో ఒకడు అంటాడు, "ఇంజను మధ్యమెట్టు మీదికి దించుదాం" అని. మనవాళ్లూ దించారు. పొగగొట్టానికి పైపు తగిలించి ఒడ్డు దాకా తెచ్చాం కదా అనుకున్నారు. అతుకు దగ్గర కారింది. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. ఆరుబయట చెదిరిపోయేది బావిలో నిలిచిపోతుంది. తలనొప్పి, వికారం, ఆ వెంటే కాళ్లు సచ్చుబడతాయి. ఎక్కాలని తోచేసరికి ఎక్కే సత్తువ ఉండదు. ఇంజను ఆపినా ఆ గాలి వెంటనే పోదు. ముందు ఒకరు పడిపోయారు, తీయడానికి రెండో ఆయన దిగాడు. తాతకు అన్నలు లేరా అని చిన్నప్పుడు అడిగేదానివే, ఇద్దరు ఉండేవాళ్లు తల్లీ.

దీపం దించి చూస్తే చాలంటారు. దీపం ఆరితే దిగకూడదు, నిజమే. వెలిగినంత మాత్రాన గాలి మంచిదనుకోవద్దు. మనిషిని పడగొట్టేంత మోనాక్సైడు దీపాన్ని ఏమీ చేయదు.

నీళ్లలో మునిగే ఉండి తోడే సబ్‌మెర్సిబుల్ మోటారును మోకుతో వేలాడదీయించు. జనరేటరు ఒడ్డుకు దూరంగా, గాలి బావి వైపు వీచని పక్కన ఉండాలి. మనిషి దిగేముందు స్టార్టరు ఆపడం చాలదు, ఫ్యూజు పీకి జేబులో వేసుకో. మంచి గాలి లోపలికి ఊదే బ్లోయరు గొట్టం అడుగుదాకా దించి అరగంట ముందు నుంచి పని అయ్యేదాకా తిప్పుతూ ఉండాలి. లోపలి గాలిలో విషవాయువు, ఆక్సిజను ఎంతో చూపే గ్యాసు మీటరుతో చూడకుండా ఎవరినీ దింపకు. దిగేవాడి నడుముకూ భుజాలకూ పట్టీ, దానికి తాడు, పైన గిలక, గిలక దగ్గర ఇద్దరు. లోపల మనిషి తూలితే పైనుంచే లాగాలి, ఇంకొకరు దిగకూడదు. అల్లుడికి ఇది రెండుసార్లు చెప్పు, అతనికి దూకుడెక్కువ. తీసిన పూడిక ఒడ్డునే పోస్తే బరువుకు రాతికట్టు లోపలికి జారుతుంది, దూరంగా పోయించు.

ఏప్రిల్‌లో నీళ్లు అడుగంటాక పెట్టుకోండి. ఏ రోజో ముందే చెప్పు. మోకాళ్లే నొప్పులు, చేతులు బాగానే ఉన్నాయి. గిలక దగ్గర తాడు నేను పట్టుకుంటాను.

మామయ్య