ఇంధన పంపు కొనే ముందు వోల్టేజీ చూడండి

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, ట్యాంకు పావుకు దిగాక వంపుల్లో మీ 400 హార్స్‌పవర్ టర్బో కారు తడబడుతోందనీ, ట్యాంకు బయట రెండు పెద్ద ఇంధన పంపులు బిగిద్దామనుకుంటున్నాననీ రాశారు. వద్దండి.

ఆ శక్తికి గంటకు సుమారు 150 లీటర్ల పెట్రోలు కావాలి, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) అయితే ఇంకాస్త ఎక్కువ. గంటకు 255 లీటర్లు ఇచ్చే పంపు ఒక్కటే చాలు. అయితే బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి పీడనం, పెరిగే కొద్దీ పంపు నెట్టాల్సిన పీడనం పెరిగి ప్రవాహం తగ్గుతుంది. వోల్టేజీ పడితే మరీ తగ్గుతుంది. ఇంజిన్ నడుస్తుండగా పంపు ప్లగ్గు దగ్గరే మీటరు పెట్టండి. 13.5 వోల్టులు రావాల్సిన చోట 11.5 వస్తే తప్పు పంపుది కాదు, సన్నటి పాత వైరుది. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి లావు వైరు లాగించండి. ఎర్త్ బోల్టు కూడా విప్పి చూడండి, విశాఖ ఉప్పుగాలికి అక్కడ పచ్చటి చిలుము పడుతుంది.

వంపుల్లోనే తడబడుతోందంటే పెట్రోలు పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తోందన్నమాట. పది పంపులు పెట్టినా అంతే. ట్యాంకు లోపలే సర్జ్ పాత్రలో, అంటే వంపుల్లోనూ పంపు చుట్టూ పెట్రోలు నిలిపి ఉంచే చిన్న గిన్నెలో, పంపు కూర్చోబెట్టించండి. లోపలి గొట్టం పెట్రోలులో మునిగి ఉండేందుకు తయారైనదే కావాలి, మామూలుది ఉబ్బి చీలుతుంది. బూస్ట్‌లో ఇంధనం చాలకపోతే పిస్టన్లు కరుగుతాయి కనుక అప్పటిదాకా ఘాట్‌కు నిండు ట్యాంకుతోనే, నెమ్మదిగా వెళ్లండి.