అయిదు వారాల్లో హాఫ్ మారథాన్: వెళ్లాలా, మానుకోవాలా?

ఇప్పుడు ఆగకుండా 4 కిలోమీటర్లు పరిగెత్తగలను, హాఫ్ మారథాన్‌కి (21 కిలోమీటర్లు) అయిదు వారాలే ఉంది, వెళ్లనా మానుకోనా అని అడిగారు. వెళ్లండి. కాకపోతే టైమ్ సంగతి వదిలేసి, పూర్తి చేస్తే చాలనుకుని వెళ్లండి. అదే 42 కిలోమీటర్ల ఫుల్ అయ్యుంటే మాత్రం కట్టిన డబ్బులు పోతే పోయాయి, వచ్చే ఏడాది చూసుకుందురుగానీ అనేవాణ్ణి. బీపీ, షుగర్, గుండె సమస్య లాంటివి ఉంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

నాదీ ఇదే కథ. ఆఫీసులో నలుగురం హుషారుగా హైదరాబాద్‌లో హాఫ్‌కి పేర్లు ఇచ్చేసి మర్చిపోయాం. జులైలో గుర్తుచేస్తూ మెయిల్ వచ్చాక లెక్కపెడితే 36 రోజులు. మాది విజయవాడ, కృష్ణలంక. అప్పటికి నేను పరిగెత్తిందల్లా బస్సు వెనకాలే.

ప్రకాశం బ్యారేజీ మీద మొదలుపెట్టాను. దాని పొడవు 1,223 మీటర్లు, అంటే సీతానగరం వైపు వెళ్లి తిరిగొస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు, నాలుగుసార్లు వెళ్లొస్తే పదికి కాస్త తక్కువ, యాప్‌తో పనిలేదు. తెల్లవారుజామున అయిదింటికల్లా అక్కడుండాలి, తర్వాత బళ్ల రద్దీ మొదలవుతుంది, ఎండ లేకపోయినా ఆ ఉక్కపోతకి టీషర్టు పిండితే నీళ్లు కారతాయి. మొదటి రోజు ఒక్కసారి వెళ్లొచ్చేసరికే రెయిలింగ్ పట్టుకుని రొప్పుతుంటే, వాకింగ్‌కొచ్చిన పెద్దాయన ఒకాయన ఆగి "ఏం నాయనా, ఎవరన్నా తరుముతున్నారా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే "అంత ఉరకమాక, మాట్లాడతా పరిగెత్తు" అని వెళ్లిపోయాడు.

నాకు దొరికిన కోచింగ్ మొత్తం అదే. పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా ఒక పూర్తి వాక్యం చెప్పగలిగినంత వేగమే మీ వేగం. అలా కూడా కుదరకపోతే నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, అదీ అలిసిపోయాక కాదు, మొదటి కిలోమీటరు నుంచే. నడిస్తే నామోషీ అనుకోకండి, 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే ఇది.

వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు అరగంట, నలభై నిమిషాలు, ఆదివారం మాత్రం లాంగ్ రన్, అంటే ఎక్కువ దూరం పరుగు: వరసగా 6, 9, 12, 15, చివరి ఆదివారం తగ్గించి 8 కిలోమీటర్లు. మామూలుగా వారానికి పది శాతం మించి పెంచొద్దంటారు, అయిదు వారాల్లో ఆ లెక్క కుదరదు, అందుకే మధ్యలో నడక తప్పనిసరి.

ఇక నేను చేసిన వెధవ పని. మూడో ఆదివారం 12 కిలోమీటర్లు హాయిగా అయిపోయింది. ఆ సాయంత్రం మా గ్రూపులో ఒకడు 18 కొట్టానని ఫోటో పెట్టాడు, నాకు టెన్షన్ పట్టుకుంది. వరసగా నాలుగు రోజులు వేగంగా పరిగెత్తాను. అయిదో రోజు పొద్దున మంచం దిగితే మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి, వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుంది. ఆరు రోజులు ఇంట్లో ఐసు పెట్టుకుని కూర్చున్నాను, 15 కిలోమీటర్ల ఆదివారం గల్లంతు. చిత్రమేంటంటే ఆ 15 లేకపోయినా పూర్తి చేశాను, కానీ కుంటుకుంటూ వెళ్లుంటే చేసేవాణ్ణి కాదు. చివరి పది రోజుల్లో చేసిన కసరత్తు కాళ్లకి ఎక్కేలోపే పోటీ అయిపోతుంది, అలసట మాత్రం మిగులుతుంది. కాబట్టి ఆ పది రోజులూ బాగా నిద్రపోండి.

తిండి గురించి ఒక్కటే చెబుతాను, శనివారం సాయంత్రం పునుగుల బండి వైపు చూడకండి. మిరపకాయ బజ్జీలు తిన్న మర్నాడు బ్యారేజీ మధ్యలో కడుపు పట్టుకుని, ఎటు పరిగెత్తినా బాత్రూం ఆరొందల మీటర్ల అవతలే అని లెక్కేసుకున్న మనిషిని నేను. ముందురోజు రాత్రి పెరుగన్నం, ఆవకాయ లేకుండా. గంట దాటిన పరుగుకి ఒట్టి నీళ్లే గటగటా తాగితే ఒంట్లో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు రావచ్చు, ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో కూడా ఉండాలి. తొడలకి, చంకలకి, మగవాళ్లయితే ఛాతీకి కూడా వ్యాజిలిన్ రాసుకోండి, ఎందుకని అడక్కండి, నా తెల్ల టీషర్టు మీద రెండు ఎర్ర మరకలు ఇప్పటికీ ఉన్నాయి. కొత్త బూట్లు ఆ రోజే వేసుకోవద్దు.

పోటీలో మొదటి మూడు కిలోమీటర్లు అందరూ మిమ్మల్ని దాటిపోతారు, పోనీండి. నన్ను దెబ్బకొట్టింది ఎత్తులు. బ్యారేజీ బల్లపరుపుగా ఉంటుంది, హైదరాబాద్ రోడ్లు అలా ఉండవు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పిక్కలు రాళ్లయ్యాయి. మీ దగ్గర ఎత్తుంటే వారానికోసారి అక్కడ పరిగెత్తండి, పోటీలో మాత్రం ఎక్కేటప్పుడు నడిచేయండి. నాకు 2 గంటల 58 నిమిషాలు పట్టింది. ఆ 18 కొట్టినవాడు నా వెనకాలే వచ్చాడు, అది వేరే విషయం.

సోమవారానికి లీవు ఇప్పుడే పెట్టేసుకోండి. నేను పెట్టలేదు, ఆఫీసు మెట్లు వెనక్కి తిరిగి దిగాను.