గడ్డి కోసే మిషన్‌కి ఏ పెట్రోల్?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొత్త లాన్ మోవర్ కొన్నావని తెలిసి సంతోషించాను. ప్రీమియం పెట్రోల్ పోస్తే ఇంజిన్ ఎక్కువ కాలం మన్నుతుందా అని అడిగావు. మన్నదు. దానివల్ల ఇంజిన్‌కి చెడేమీ జరగదు, నీ జేబుకి మాత్రం చిల్లు.

ప్రీమియంలో ఎక్కువగా ఉండేది ఆక్టేన్ నంబర్. అదంటే పెట్రోల్ బలం అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకుని మొదట్లో ఒక సీజనంతా ప్రీమియమే పోశాను. గడ్డి అంతే తెగింది, పెట్రోలూ అంతే తాగింది. సిలిండర్‌లో పిస్టన్ నొక్కుతున్నప్పుడు, ప్లగ్ రాజేసిన మంట తన దాకా రాకముందే పెట్రోల్ తనంతట తాను భగ్గుమనకుండా ఎంత ఓర్చుకోగలదో చెప్పేదే ఆ నంబర్. ఓర్చుకోలేకపోతే ఇంజిన్ టకటకమంటుంది, అదే నాకింగ్. ముదిరితే పిస్టన్‌కే ఎసరు. ఇప్పటి కార్లలో కంప్రెషన్, అంటే పిస్టన్ ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క, 10:1, కొన్నిట్లో అంతకంటే ఎక్కువే. మోవర్లలో మామూలుగా 6:1 నుంచి 8.5:1 దాకా ఉంటుంది. ఆ మాత్రం నొక్కుడికి మామూలు పెట్రోల్ చాలు.

ఇక్కడ ఒక తికమక ఉంది. మోవర్ మాన్యువల్‌లో 'కనీసం 87' అని ఉంటే, బంకులో 91 కనిపిస్తుందనుకో, రెండూ వేరే సరుకులని కంగారుపడకు. 87 అనేది అమెరికా లెక్క. అక్కడ రెండు పరీక్షల్లో వచ్చిన నంబర్ల సగటు రాస్తారు. చాలా దేశాల్లో వాటిలో ఒకదాన్ని, అంటే రీసెర్చ్ ఆక్టేన్ నంబర్‌ని మాత్రమే రాస్తారు. అమెరికా 87 సుమారుగా ఈ లెక్కలో 91. కాబట్టి నంబర్ ఏ పద్ధతిలో ఉందో చూసుకుని, మాన్యువల్ అడిగినదానికి తగ్గకుండా పోస్తే సరి.

అసలు కంట కనిపెట్టాల్సింది ఆక్టేన్‌ని కాదురా, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాల్‌ని, పాతబడ్డ పెట్రోల్‌ని. చిన్న ఇంజిన్ల మాన్యువళ్లు ఎక్కువగా 10 శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరుతుంది. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ లాగేది ఆ అడుగునుంచే.

ఒకసారి గడ్డి పెరగని నెలల్లో మోవర్‌ని నిండు ట్యాంకుతో అలాగే మూలన పడేశాను. మళ్లీ తీస్తే తాడు లాగీ లాగీ భుజం పట్టేసింది తప్ప స్టార్ట్ కాలేదు. కార్బురేటర్ గిన్నె విప్పి చూస్తే అడుగున బెల్లం పాకంలా జిగురు. మెయిన్ జెట్ అని ఇత్తడి ముక్క ఒకటుంటుంది, దాని రంధ్రం సూది బెజ్జమంత కూడా ఉండదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల ఏమీ కనిపించలేదు, పూర్తిగా మూసుకుపోయింది. ఆ జిగురు ముందు 87 అయినా 93 అయినా ఒకటే.

అందుకని నెలకి సరిపడా పెట్రోలే తెచ్చుకో. ఎక్కువ కాలం ఉంచాలంటే తాజాగా ఉన్నప్పుడే స్టెబిలైజర్ (పెట్రోల్ త్వరగా పాడవకుండా కలిపే మందు) కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కాసేపు ఇంజిన్ నడుపు. పాతబడ్డాక కలిపితే లాభం లేదు. తాజా పెట్రోల్ వాసన ముక్కుకి ఘాటుగా తగులుతుంది. పుల్లగా, వార్నిష్ వాసన వస్తే పోయకు. అలాగని నేలమీదో కాలువలోనో పారబోయకు.

పెట్రోల్ పోసేటప్పుడు ఇంజిన్ చల్లారనివ్వు. మీ అత్తయ్య ఈ మాట పెద్దక్షరాలతో రాయమంది, ఎందుకో నేను చెప్పను.

చివరిగా ఒకటి చూడు. ఇంజిన్ ఆయిల్ పోయడానికి వేరే మూత ఉంటే నీది ఫోర్ స్ట్రోక్, పెట్రోల్‌లో ఆయిల్ కలపకూడదు. లేకపోతే టూ స్ట్రోక్ అయ్యుంటుంది. దానికి మాన్యువల్ చెప్పిన పాళ్లలో కలపాలి. 50:1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25. కొన్ని టూ స్ట్రోక్ మిషన్లు మామూలుకంటే ఒక మెట్టు పైన ఆక్టేన్ అడుగుతాయి, అలా అడిగితే మాత్రం పిసినారితనం చేయకు. ట్యాంకు మూత దగ్గర ఏం రాసుందో ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను.

మీ మామయ్య