టెక్ సందేహాలు: కండలు కనిపించాలంటే నీడను కాపాడుకోవాలి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కండలు తిరిగిన మగవాడి దేహాన్ని ఫొటోలోనో, డిజిటల్ బొమ్మలోనో, త్రీడీలోనో ఉన్నది ఉన్నట్టు చూపించడం ఎలా అన్నది ఆ విషయం. వెలుగు ఆగి నీడ మొదలయ్యే చోటే కండ ఆకారం కంటికి తెలుస్తుంది. మన ఫోన్లూ సాఫ్ట్‌వేర్లూ మాత్రం నీడ కనపడితే చాలు, దాన్ని తుడిచేయాలనే చూస్తాయి. కింది జవాబులన్నీ ఆ నీడను నిలబెట్టుకోవడం గురించే.

ప్రశ్న: మా తమ్ముడు బాడీ బిల్డింగ్ పోటీలకు తయారవుతున్నాడు. జిమ్ అద్దంలో పొట్ట మీద కండలు గీసినట్టు కనిపిస్తాయి. ఫోన్‌తో ఫొటో తీస్తే మాత్రం అంతా చదునుగా వస్తోంది. మంచి కెమెరా కొనాలా?

జవాబు: కొనక్కర్లేదు. ముందు గదిలో ట్యూబ్‌లైట్లన్నీ ఆపేయండి. పైనా పక్కలా ట్యూబ్‌లైట్లుంటే అన్ని వైపుల నుంచీ వెలుగు పడి ఒకదాని నీడను ఇంకొకటి చెరిపేస్తుంది. ఒకే ఒక్క లైట్ పెట్టండి. 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ (లైట్‌కు తొడిగే తెల్లగుడ్డ పెట్టె) ఉంటే మేలు. లేదంటే పెద్ద కిటికీ చాలు. లైట్‌ను మనిషికి పక్కగా, కొద్దిగా ముందుకు, తలకన్నా రెండడుగుల ఎత్తులో పెట్టి కిందికి వంచండి. వెలుగు చర్మాన్ని ఏటవాలుగా రాసుకుంటూ పోవాలి. అప్పుడే ఛాతీ కింద, పక్కటెముకల మీద, పొట్ట మడతల్లో నీడ నిలుస్తుంది. ఫోన్ ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి దాని నీడలన్నీ కండల వెనకే దాక్కుంటాయి. దాని జోలికి పోకండి.

లైట్ ఎంత దూరంలో ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. దగ్గరి భుజానికి 1 మీటరు దూరంలో లైట్ ఉంటే, 1.5 మీటర్ల దూరంలో ఉన్న రెండో భుజానికి అందేది అందులో 44 శాతమే. అదే లైట్‌ను దగ్గరి భుజానికి 3 మీటర్ల దూరానికి జరిపితే రెండో భుజానికి 73 శాతం అందుతుంది, బొమ్మ చదునవుతుంది. అందుకే లైట్ దగ్గరగా ఉండాలి. రెండో వైపు తెల్లగోడ ఉంటే అది వెలుగును తిప్పికొట్టి నీడను నింపేస్తుంది. ఆ వైపు అర మీటరు దూరంలో నల్ల దుప్పటి వేలాడదీయండి. పైసా ఖర్చు లేని ఈ పని వల్ల వచ్చే తేడా కొత్త లెన్స్ వల్ల కూడా రాదు.

ఇక ఫోన్ సంగతి. ఫొటోను తనంతట తానే దిద్దే హెచ్‌డీఆర్, సీన్ ఆప్టిమైజర్ ఆపేయండి, బ్యూటీ ఫిల్టర్ సున్నాకి తెండి. హెచ్‌డీఆర్ నీడల్ని పైకి లేపుతుంది. బ్యూటీ చర్మపు గరుకుదనాన్ని, నరాల గీతల్ని తుడిచేస్తుంది. నెలల తరబడి చెమటోడ్చి తెచ్చుకున్న గీతల్ని ఒక ఫిల్టర్ చెరిపేస్తుంటే చూస్తూ ఊరుకోకూడదు. ప్రో మోడ్‌లో రా ఫైల్ (ఫోన్ దిద్దని ముడి ఫొటో) ఎంచుకుని ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100 లేదా 200, షట్టర్ 1/100 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో చౌక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. 1/250 పెడితే ఫొటోలో అడ్డచారలు వస్తాయి. 1/100 గానీ 1/50 గానీ పెడితే రావు. 2ఎక్స్ లెన్స్‌తో కనీసం 2 మీటర్లు వెనక నిలబడి, ఫోన్‌ను నాభికీ ఛాతీకీ మధ్య ఎత్తులో పట్టుకోండి. మామూలు లెన్స్‌తో దగ్గరికెళ్తే ముందున్న భుజం ఉబ్బి, నడుము, కాళ్లు చిన్నబోతాయి.

ప్రశ్న: నాది స్టూడియో. చామనచాయ మోడల్‌ను ఎల్‌ఈడీ ప్యానెల్ కింద తీస్తే చర్మం బూడిద పూసినట్టు వస్తోంది. నూనె రాస్తే తెల్ల మచ్చలు పడుతున్నాయి.

జవాబు: మొదటి లోపం లైట్‌ది. లైట్ రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేందుకు పెట్టె మీద రాసే సీఆర్‌ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. చిక్కటి ఎరుపును కొలిచే ఆర్9 అందులో ఉండదు. చర్మానికి జీవకళ తెచ్చేది లోపలి రక్తపు ఎరుపు కాబట్టి ఆర్9 తక్కువైన లైట్ కింద గోధుమరంగు పాలిపోతుంది. సీఆర్‌ఐ 95 పైన, ఆర్9 80 పైన ఉన్న ప్యానెల్ చూసుకోండి. రెండో లోపం ఆటో వైట్ బ్యాలెన్స్‌ది, అంటే లైట్ రంగును కెమెరా తనే అంచనా వేసి సరిచేయడానిది. ఫ్రేమంతా గోధుమరంగు చర్మమే ఉంటే, లైటే పసుపుగా ఉందనుకుని కెమెరా నీలం కలుపుతుంది. మోడల్ ఛాతీ దగ్గర గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట) పట్టుకుని, అదే లైట్‌లో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి.

నూనె విషయానికొస్తే, చర్మం పైపొర ఎదురుగా పడిన వెలుగులో దాదాపు 3 శాతాన్ని అద్దంలా తిప్పికొడుతుంది. ఏటవాలుగా పడితే అది చాలా పెరుగుతుంది. నూనె ఆ మెరుపును ఒకచోటికి పోగు చేస్తుంది. అరచేతిలో నాలుగైదు చుక్కలు వేసుకుని ఒళ్లంతా రాసి, పొడి తువ్వాలుతో అద్దేయండి. చెమట కావాలంటే నీళ్లు, గ్లిజరిన్ సమపాళ్లలో కలిపి స్ప్రే చేయండి, త్వరగా ఆరిపోదు. అప్పటికీ మచ్చలుంటే లెన్స్‌కు సర్క్యులర్ పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) బిగించి మెల్లగా తిప్పండి. మెరుపు సగానికి తగ్గగానే ఆపండి. పూర్తిగా తీసేస్తే చర్మంలో ప్రాణం పోతుంది. వస్తాదు యూజీన్ శాండో శిల్పాల భంగిమల్లో నిలబడేటప్పుడు ఒంటికి తెల్ల పౌడర్ పూసుకునేవాడు. మెరుపు పోయి వెలుగునీడలు మాత్రమే మిగిలితే దేహం పాలరాతిలా కనిపిస్తుందని ఆయనకు తెలుసు. మీకు కావలసింది శిల్పమా మనిషా అన్నది ముందే తేల్చుకోండి.

ప్రశ్న: కృతా అనే డిజిటల్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో వస్తాదుల బొమ్మలు వేస్తాను. ప్రతి కండా కష్టపడి షేడ్ చేసినా విడివిడిగా అతికించినట్టు ఉంటోంది.

జవాబు: ప్రతి కండకూ దాని సొంత వెలుగు ఇస్తున్నారు, అందుకే అలా వస్తోంది. ముందు కండల్ని మరిచిపోయి మొండెం మొత్తాన్ని నిలబెట్టిన గుమ్మడికాయ అనుకోండి. పక్కల ఉన్న గాడులు ఎంత లోతైనా, కాయ మొత్తానికి ఒకే వెలుగువైపు, ఒకే నీడవైపు ఉంటాయి. చర్మపు మధ్యరంగు నింపి, దానిపైన మల్టిప్లై లేయర్‌లో (కింది రంగును ముదురు చేసే పొర) ఒకే చిక్కదనంతో నీడభాగం మొత్తం వేయండి. నీడలో ఎంత లేతగా ఉన్న చోటైనా వెలుగులోని అతి ముదురు చోటుకన్నా ముదురుగానే ఉండాలి. నీడలో పొట్ట కండలకు మెరుపులు పెట్టారంటే ఈ సూత్రం తప్పినట్టే.

అంచులూ ముఖ్యం. ఛాతీ వంపు మీద వెలుగు మెల్లగా నీడలోకి జారాలి, అక్కడ మెత్తటి బ్రష్ వాడండి. ఛాతీ కండ పక్కటెముకల మీద పడేసే నీడకు మాత్రం పుట్టిన చోట అంచు పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా ఉండాలి. మెరుపులు అన్నిటికన్నా చివర, అతి తక్కువగా. వాటికి చర్మం రంగు ఉండదు, లైట్ రంగు ఉంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు ప్రూదాన్ నీలం కాగితం మీద నల్ల, తెల్ల సుద్దలతో వేసిన నగ్న పురుషుల అధ్యయనాలు వెతికి చూడండి. మధ్యఛాయ పని కాగితమే చేస్తుంది. తెల్ల సుద్ద వెలుగు తగిలిన వైపే ఉంటుంది.

పొట్ట కండల్ని అద్దంలో ప్రతిబింబంలా సమానంగా వేయకండి. వాటిని అడ్డంగా విడదీసే గట్టి పోగుల పట్టీలు సాధారణంగా మూడు ఉంటాయి, ఎడమా కుడీ తరచు ఎగుడుదిగుడుగానే ఉంటాయి. పనిలో మధ్యమధ్య అన్నిటికన్నా పైన నల్లరంగు నింపిన లేయర్‌ను కలర్ మోడ్‌లో పెట్టి చూడండి, బొమ్మ నలుపు తెలుపులో కనిపిస్తుంది. అందులో ఆకారం నిలవకపోతే రంగులు దాన్ని కాపాడలేవు.

ప్రశ్న: బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మల్లయోధుడి మోడల్ చేశాను. రెండర్ చేస్తే (తుది చిత్రంగా తీస్తే) మైనపుబొమ్మలా ఉంది.

జవాబు: సబ్‌సర్ఫేస్ స్కేల్ చూడండి, వెలుగు చర్మం లోపల ఎంత దూరం పాకాలో చెప్పే అంకె అది. బ్లెండర్ 4 నుంచి ప్రిన్సిపుల్డ్ షేడర్‌లో (ఉపరితలం ఎలా కనిపించాలో నిర్ణయించే అమరిక) మనం మార్చకపోతే అది 0.05, అంటే 5 సెంటీమీటర్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులకు రేడియస్ వరుసగా 1, 0.2, 0.1 అని ఉంటుంది కాబట్టి ఎరుపు వెలుగు ఒంట్లో 5 సెంటీమీటర్ల మేర పాకుతుంది. కండల మధ్య సన్నటి నీడలన్నీ అందులో కరిగిపోతాయి. మోడల్ ఎత్తు నిజంగా 1.75 మీటర్ల దగ్గర ఉందో లేదో సరిచూసి, కంట్రోల్+ఎ నొక్కి స్కేల్ అప్లై చేసి, విలువను 0.005కి తగ్గించండి. పద్ధతిని రాండమ్ వాక్ స్కిన్‌కు మార్చండి. రఫ్‌నెస్ (గరుకుదనం) 0.4 దగ్గర మొదలుపెట్టి, భుజాల మీద తగ్గేలా, మోచేతుల దగ్గర పెరిగేలా ఒక మ్యాప్ ఇవ్వండి. చుట్టూ ఉన్న దృశ్యపు ఫొటోనే లైట్‌గా వాడే హెచ్‌డీఆర్‌ఐ వెలుగు అన్ని దిక్కుల నుంచీ వస్తుంది కాబట్టి దాని బలం 0.1కి దించి, పక్క నుంచి ఒక ఏరియా లైట్ పెట్టండి. ఇవన్నీ చేశాక కూడా చర్మం నున్నగా ఉంటే డీనాయిజర్ (రెండర్‌లో వచ్చే చుక్కల్ని, అంటే నాయిస్‌ను తుడిచేది) ఆపి ఒకసారి రెండర్ చేయండి. శాంపిళ్లు తక్కువైనప్పుడు అది చర్మరంధ్రాలను కూడా నాయిస్ అనుకుని ఊడ్చేస్తుంది.